ఆదివారం హాలు

మా ఆయనకి రాజకీయాలంటే అసహ్యం. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన నాతో మాట్లాడిన మాటల్లో సగం అవే. పొద్దున కాఫీ తాగుతూ ఫోన్లో ఆంధ్రా వార్తలు చూసి ఛీ అంటాడు. రాత్రి అన్నం తింటూ ఇక్కడి సింగపూర్ వార్తలు చూసి ఛీ అంటాడు. మధ్యలో అమెరికా వాళ్లకీ ఒకటి పడేస్తాడు. ఆ అసహ్యాన్నంతా రెండేళ్ల కిందట వినాయక చవితికి మొదలుపెట్టి దీపావళి లోపల నాకు అప్పగించేసి, ఇప్పుడాయన హాయిగా ఉన్నాడు.

ఆ ఏడాది సింగపూర్‌లో దేశాధ్యక్ష ఎన్నిక వచ్చింది. అంతకు ముందుసారి పోటీయే లేకుండా తేలిపోయింది కాబట్టి, పౌరసత్వం తీసుకున్నాక మేం ఓటు వేయబోయే మొదటి అధ్యక్ష ఎన్నిక అదే. మా ఆయన పార్థసారథి ఆ నెలంతా నేల మీద నడవలేదు. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాటు సోఫా మీద కూర్చుని నాకూ, మా అమ్మాయి సుస్మితకీ రోజూ ఉపన్యాసమే.

"మార్పు రావాలి ప్రసన్నా. జనం కదలాలి. భయపడుతూ కూర్చుంటే ఎప్పటికీ ఇంతే!"

నిజం చెప్పొద్దూ, నాకు ఆ మాటలు నచ్చేవి. హౌగాంగ్‌లో చిన్నపిల్లల బడిలో టీచర్ని నేను. రోజంతా ముక్కులు తుడిచి, బూట్లు తొడిగి వచ్చేదాన్ని. ఇంట్లో ఒక మనిషి దేశం గురించి అంత ఆవేశంగా మాట్లాడుతుంటే, మా ఆయన అందరి మొగుళ్లలాంటివాడు కాదనుకునేదాన్ని.

ఓటు రోజు పొద్దున్నే మా బ్లాకు కింద, వాయిడ్ డెక్ అనే ఖాళీ జాగాలో వరస కట్టాం. చైనావాళ్ల దయ్యాల నెల అది. ముందు రాత్రి పితృదేవతల కోసం కాల్చిన కాగితాల బూడిద ఇంకా గడ్డి మీద ఉంది. వరసలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చీటీ తీసుకుని, అట్ట అడ్డు పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లాను. ఆ అట్ట అడ్డు వెనక నేనూ, నా ఇష్టమూ తప్ప ఎవరూ లేరు. మా ఇంట్లో నాకు అంత ఏకాంతం ఎప్పుడూ దొరకలేదు. నచ్చిన మనిషికి వేసి బయటికొచ్చాను.

ఎదురుగా కాఫీ షాపులో కూర్చున్నాక అడిగాను. "మార్పుకేగా వేశారు?"

ఆయన అటూ ఇటూ చూశాడు. చుట్టూ తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు. అయినా గొంతు తగ్గించాడు. "చీటీ మీద నంబరుంటుంది, చూశావా?"

"ఉంటే? ఓటు రహస్యమని చెబుతున్నారుగా."

"చెబుతారులే. మనం నిన్నగాక మొన్న సిటిజన్లమయినవాళ్లం. ఎందుకొచ్చిన గొడవ? నేను సేఫ్‌గా వేసేశాను."

నెలరోజుల ఉపన్యాసాలు నంబరు చూడగానే చల్లారిపోయాయన్నమాట. నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను, ఇప్పుడయితే నవ్వను.

మా తెలుగు మిత్రమండలి సంగతి ఇక్కడ చెప్పాలి. దానికి లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు పక్క సందులో, ఒక కిరాణా కొట్టు మేడ మీద, సొంత హాలుంది. పన్నెండేళ్లుగా విశ్వేశ్వరరావు గారే అధ్యక్షుడు. ప్రతిసారీ ఏకగ్రీవం. ఎవరైనా నిలబడతామంటే ఇద్దరు పెద్దమనుషులు వాళ్లింటికి వెళ్లి టీ తాగి వచ్చేవారు. మర్నాటికి వాళ్లు నిలబడేవారు కాదు. ఆ ఏడు ఎవరో పాత సభ్యుడు నియమావళి తెరిచి, ఒకే మనిషి ఇన్నేళ్లు ఉండకూడదని చూపించాడు. విశ్వేశ్వరరావు గారు తడబడలేదు. వినాయక చవితి సభలో మైకు పట్టుకుని ప్రకటించారు.

"ఈసారి అధ్యక్ష పదవిని మన మహిళలకి అంకితం చేస్తున్నాం!"

హాలంతా చప్పట్లు. ఆ మహిళ ఎవరో ఎవరూ అడగలేదు. ఆవిడ వెనక బల్ల దగ్గర పులిహోర వడ్డిస్తోంది. తారాదేవి గారు, ఆయన భార్య.

ఇంటికొచ్చే ట్రైన్‌లో మా ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "మా ఊళ్లో సర్పంచి సీటు ఆడవాళ్లకి వచ్చినప్పుడు సరిగ్గా ఇదే భాగోతం. సంతకం ఆవిడది, పెత్తనం ఆయనది. ఆవిడ ఇంట్లో పిడకలు చేసుకుంటుంటే, ఆయన తెల్లచొక్కా వేసుకుని పంచాయతీ ఆఫీసులో కూర్చునేవాడు. సర్పంచి ఎవరయ్యా అంటే జనం ఆయన్నే చూపించేవాళ్లు. సింగపూరొచ్చి ఖరీదైన కండో ఫ్లాట్లు కొన్నా బుద్ధులు మారవు. సిగ్గులేని మనుషులు!"

"డాడీ, నాట్ సో లౌడ్ లా," అంది సుస్మిత, ఇక్కడి పిల్లల యాసలో.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు నిలబడు ప్రసన్నా. నిజంగా. ఆ మనిషికి బుద్ధి చెప్పాలంటే నిజమైన మహిళ ఒకరు నిలబడాలి."

నిజమైన మహిళ అన్నాడు. ఇరవై ఏళ్లలో మా ఆయన నోటి వెంట నాకొచ్చిన పెద్ద బిరుదు అది. పొంగిపోయాను.

ఓట్లు అడగడానికి మొదట లిటిల్ ఇండియాకే వెళ్లాను, ఆదివారం మధ్యాహ్నం, సుస్మితని తోడు తీసుకుని. మా మండలిలో డబ్బు కట్టిన సభ్యుల్లో సగం మంది వర్క్ పర్మిట్ల మీద వచ్చిన పనివాళ్లే. షిప్‌యార్డుల్లోనూ, కట్టుబడుల్లోనూ పనిచేసేవాళ్లు. రేపేదన్నా అయితే శవాన్నయినా ఊరికి చేరుస్తారన్న ఆశతో చేరినవాళ్లు. ఎన్నికంటూ జరిగితేగా, వాళ్లకీ ఓటుందని ఎవరికన్నా గుర్తుండటానికి!

గడ్డి మైదానంలో ప్లాస్టిక్ సంచులు పరుచుకుని, గుంపులు గుంపులుగా కూర్చుని ఉన్నారు. శ్రీకాకుళం వైపు గుంపులో రామన్న అనే అతను లేచి, తన కింద ఉన్న అట్టముక్క నాకు వేశాడు. ముప్పై దాటి ఉంటాయి. షిప్‌యార్డులో వెల్డింగు పని.

"మాకు ఓటుందేటమ్మా?" అన్నాడు.

"సభ్యత్వం కట్టారుగా. మాతో సమానంగా ఉంది."

"కట్టినాం గాని, మమ్మల్ని ఎవులు పిల్సినారు?" అని నవ్వి, "ఓటుకేటి, ఏసేస్తాం. ఒక్క మాటడుగుతాను, ఏటనుకోకండి. ఆ హాలు ఆదివారం తెరిపించగలరా? మాకున్నది ఈ ఒక్క రోజే. వానొస్తే తల దాసుకోడానికి జాగా నేదు. బాత్రూమ్‌కెల్దామంటే కాఫీ షాపోడు ఏదన్నా కొను, అప్పుడెల్లంటాడు," అన్నాడు.

ఆ హాలు వారమంతా తెరిచి ఉంటుంది. శనివారం నాట్యం క్లాసు, మిగిలిన సాయంత్రాలు మన పిల్లలకి ట్యూషన్లు. ఆదివారం ఒక్కరోజే తాళం. ఎందుకని ఒకసారి విశ్వేశ్వరరావు గారిని అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది. "వాళ్లని రానిస్తే ఏసీలో చెమట కంపు పట్టేస్తుందమ్మా. సోమవారం మన పిల్లలు కూర్చోవద్దూ?" అదే పనివాళ్ల సభ్యత్వం డబ్బుతో కొన్న ఏసీ అది.

"తెరిపిస్తాను. నాకు ఓటు వేసినా, వేయకపోయినా ఇది నా మాట," అన్నాను.

గుంపులో వెనక ఎవరో, "అందరూ ఇలగే అంటారు," అన్నాడు. రామన్న అతన్ని కసిరాడు. తిరిగొస్తుంటే సుస్మిత నా చెయ్యి పట్టుకుని, "మా, దిస్ వన్ యు మస్ట్ డూ," అంది. దాని కళ్లకి నేను ఎప్పుడూ అంత ఎత్తుగా కనిపించలేదు.

ఆ వారమే పెద్దమనుషులిద్దరూ మా ఇంటికి టీకి వచ్చారు. గోపీకృష్ణ గారూ, విశ్వనాథం గారూ. సంఘం ఐకమత్యం గురించి, నలుగురిలో పల్చనవడం గురించి చాలా సేపు చెప్పారు. ఏకగ్రీవం చేసుకుంటే మా ఆయన్ని గౌరవ సలహాదారుగా వేస్తామని కూడా అన్నారు. నేను టీ కప్పులు బల్ల మీద పెట్టి, ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. ఈలోగా మా ఆయన లేచి నిలబడ్డాడు.

"మా ఆవిడ తప్పుకోదు. మీరు దయచేయవచ్చు."

వాళ్లు టీ సగంలో వదిలేసి వెళ్లిపోయారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగిపోయి, ఆ రాత్రి గుత్తివంకాయ కూర చేశాను. తప్పుకోనని చెప్పింది నేను కాదు, ఆయనని నాకు తోచనే లేదు. నా తరఫున మంచిమాట మాట్లాడితే, మాట్లాడింది ఎవరన్నది పట్టించుకుంటామా!

అక్టోబరులో ఒక ఆదివారం ఓటింగు. మేడ మెట్ల మీది నుంచి కిరాణా కొట్టు దాటి వీధి మలుపు దాకా వరస. కండోల వాళ్లు కార్లలో వచ్చి, ఆ వరస చూసి మొహాలు చిట్లించారు. పనివాళ్లు తలలు దువ్వుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఆ హాలు లోపల ఎలా ఉంటుందో మొదటిసారి చూశారు. లెక్కపెట్టాక నేను గెలిచాను. తేడా తక్కువేం కాదు.

దండ తెచ్చారు. విశ్వనాథం గారే తెచ్చారు, నన్ను తప్పుకోమనడానికి వచ్చిన ఆయనే. ఏరు దాటేదాకానే ఓడమల్లన్న అంటారు కానీ, ఈయన దాటిన ప్రతి ఒడ్డునా కొత్త మల్లన్నని వెతుక్కునే రకం. నేను తల వంచాను. దండ నా పక్క నుంచి వెళ్లి మా ఆయన మెడలో పడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ఆయన దాన్ని తీసి నా మెడలో వేస్తాడేమోనని చూశాను. ఫొటోలన్నీ అయిపోయేదాకా తీయలేదు.

వారం తిరక్కుండానే మొదటి కమిటీ మీటింగు. పిల్లల బడి నుంచి నేను నేరుగా వెళ్లాను. చెప్పాల్సిన మాటలు ట్రైన్‌లో పదిసార్లు లోలోపల అనుకున్నాను. ఆదివారం హాలు తెరవడం, ఊడ్చుకునే బాధ్యత పనివాళ్లే తీసుకోవడం, అన్నీ. హాల్లోకి అడుగుపెట్టేసరికి బల్ల చివర పెద్ద కుర్చీలో మా ఆయన కూర్చుని ఉన్నాడు.

కమిటీలో లేని మనిషి. సభ్యుడు, అంతే. అయినా ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు.

"రా ప్రసన్నా, ఇక్కడ కూర్చో," అని పక్క కుర్చీ చూపించాడు. "టీ, సమోసాలు చెప్పాను. వచ్చాక కాస్త చూడు."

గోపీకృష్ణ గారు "ప్రెసిడెంట్ గారూ" అని మొదలుపెట్టి, నన్ను చూసి నాలిక కరుచుకుని, "ఇద్దరూ ఒకటేలెండి," అన్నారు. బల్ల చుట్టూ మళ్లీ నవ్వులు.

నేను ఆదివారం సంగతి ఎత్తాను. రెండు వాక్యాలు అయ్యాయో లేదో మా ఆయన చెయ్యి నా చేతి మీద పడింది. మీటింగుల్లో కిందివాళ్లని ఆపడానికి ఆఫీసులో ఆయన చేసే పని అది, నాకు తెలుసు.

"మా ఆవిడ సెంటిమెంట్ మంచిదే," అన్నాడు. "కానీ ప్రాక్టికల్‌గా చూద్దాం. కరెంటు బిల్లుంది, క్లీనింగుంది, కింద కొట్టువాళ్ల కంప్లయింట్లుంటాయి. తొందరపడకూడదు. విశ్వేశ్వరరావు గారి అనుభవం మనకి కావాలి. ఆయన అధ్యక్షతనే ఒక సబ్‌కమిటీ వేద్దాం."

విశ్వేశ్వరరావు గారు వెనక వరసలోంచి లేచి వచ్చి, మా ఆయన భుజం తట్టారు. "సారథి గారిలో ఇంత పాలనాదక్షత ఉందని తెలీక ఇన్నాళ్లూ దూరం పెట్టాం," అన్నారు. మా ఆయన మొహం చూడాలి ఆ క్షణంలో. కొత్త అల్లుడిలా సిగ్గుపడ్డాడు. నేను ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. సమోసాల మీద కమురు నూనె వాసనో, ఈ మనుషుల వాసనో తెలియలేదు. చెమట కంపు అన్నారు చూడండి, అది దీనికంటే వెయ్యి రెట్లు నయం.

ఇంటికొచ్చాక అడిగాను. "ఆ కుర్చీలో మీరెందుకు కూర్చున్నారు?"

"ఏ కుర్చీ?" అన్నాడు. నటన కాదు. ఆయనకి నిజంగానే తెలియలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"నా కుర్చీ."

"అబ్బ, కుర్చీదేముంది ప్రసన్నా? వాళ్లు ముదుర్లు. నువ్వు ఒక్క మాట జారితే పట్టుకుని ఆడుకుంటారు. నీ పరువు కాపాడుదామనే కూర్చున్నాను."

"ట్రైన్‌లో ఎవర్ని సిగ్గులేని మనుషులన్నారో గుర్తుందా?"

"అదీ ఇదీ ఒకటా? వాళ్లు చదువురాని వాళ్లు. మనం డిస్కస్ చేసుకుని నిర్ణయం తీసుకుంటాం."

"ఎప్పుడు డిస్కస్ చేశాం?"

"ఇప్పుడు చేస్తున్నాంగా!"

గదిలోంచి సుస్మిత వచ్చింది. "యు వన్, మా. బట్ డాడీ ఈజ్ ద ప్రెసిడెంట్, లా. సో డిస్‌గస్టింగ్," అని వాటర్ బాటిల్ తీసుకుని వెళ్లిపోయింది. మా ఆయన ఆ పిల్ల పెంపకం గురించి నాకు పావుగంట క్లాసు పీకాడు.

ఆ తర్వాత ఫోన్లన్నీ ఆయనకే. దీపావళి ఫ్లెక్సీలో ఆయన ఫొటో పెద్దది, నాది కింద మూలన, పేరు 'శ్రీమతి ప్రసన్నలక్ష్మి పార్థసారథి'. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇన్నాళ్లూ డబ్బు గురించనుకున్నాను. ఓట్లకీ వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. సబ్‌కమిటీ ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆదివారాలు మా ఆయనా, విశ్వేశ్వరరావు గారూ కలిసి బ్యాడ్మింటన్ ఆడటం మాత్రం మొదలుపెట్టారు.

టెక్కా మార్కెట్‌లో గోంగూర ఏరుకుంటుంటే తారాదేవి గారు పక్కకొచ్చి నిలబడ్డారు. ఎన్నిక తర్వాత మేం ఎదురుపడటం అదే. చేతిలో కట్ట పట్టుకుని కాస్త పక్కకి జరిగి చోటిచ్చాను.

"నేనూ నీకే వేశాను," అందావిడ, కట్టలు ఏరుతూనే.

"మీరా అక్కా? మీ మీదే మీరు?"

"మా ఆయనకి తెలిస్తే చంపేస్తాడు. పన్నెండేళ్లు ఆ మీటింగులకి వండి పోశాను. ఒక్కరోజు ఎవరూ ఆ కుర్చీలో కూర్చోమనలేదు. ఈసారి కూర్చోమన్నారు, ఎందుకో నాకు తెలీదా ఏంటి? నువ్వయితే నిజంగా కూర్చుంటావనుకున్నాను. చూడాలనిపించింది."

"చూశారుగా," అన్నాను.

"చూశాను." కట్ట బుట్టలో వేసుకుంది. "మా ఆయన ఎంత చెడ్డా తన పేరు మీదే కూర్చునేవాడు తల్లీ."

ఆవిడ వెళ్లిపోయింది. నేను గోంగూర కొనకుండానే వచ్చేశాను.

దీపావళి ముందరి ఆదివారం మధ్యాహ్నం. అన్నం వండి స్టవ్ ఆపేసరికి ఆకాశం నల్లగా కమ్ముకుని, కుండపోత మొదలయింది. ఎదుటి బ్లాకు కనిపించనంత వాన. మా ఆయన బ్యాడ్మింటన్‌కి వెళ్లాడు. కిటికీలు మూస్తుంటే నాకు గడ్డి మైదానం గుర్తొచ్చింది. వంట ఎక్కడిదక్కడ వదిలేసి, ఆయన సొరుగులోంచి హాలు తాళంచెవి తీసుకున్నాను. నిజానికది నా దగ్గరుండాల్సిందే. సభ్యుల వాట్సాప్ గ్రూపులో, 'హాలు తెరుస్తున్నాను, రండి. ప్రసన్నలక్ష్మి, అధ్యక్షురాలు' అని పెట్టి, ట్రైన్ ఎక్కాను.

నేను వెళ్లేసరికి రామన్న వాళ్లు కిరాణా కొట్టు చూరు కింద తడుస్తూ నిలబడి ఉన్నారు. తలుపు తీశాను. చెప్పులు మెట్ల మీదే విడిచి, ఒక్కొక్కరూ పాదాలు గుడ్డకి తుడుచుకుని వచ్చారు. కుర్చీలు వేశానా, ఎవరూ కూర్చోలేదు. గోడవారన నేల మీద సర్దుకున్నారు. ఏసీ వేయబోతే వద్దన్నారు, చలి వేస్తోందట. ఎవరో ఊరికి వీడియో కాల్ కలిపి, "ఇదిగో, మన హాలు, సూడు," అని భార్యకి చుట్టూ తిప్పి చూపించాడు. మరొకడు గోడకి ఆనుకుని అప్పుడే నిద్రలోకి జారిపోయాడు. ఆ నెలలన్నిటిలో నా మనసు చల్లబడింది ఆ అరగంటే.

రామన్న దగ్గరకొచ్చాడు. "సారుకి తెలుసా అమ్మా?"

"ఎందుకు తెలియాలి?"

"అడిగినాన్లెండి," అని వెనక్కి తగ్గాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. మా ఆయన బ్యాడ్మింటన్ టీషర్టులోనే గొడుగు దులుపుతూ లోపలికొచ్చాడు. గ్రూపులో మెసేజి చూసి ఉంటాడు. కోపంగా వచ్చినవాడే, గది నిండా జనాన్ని చూడగానే మొహం మార్చేశాడు. అంత త్వరగా మొహం మార్చుకోవడం మా ఆయన ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలియలేదు.

గోడవారన కూర్చున్న వాళ్లందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నిద్రపోతున్నవాణ్ని కూడా పక్కవాడు తట్టి లేపాడు.

నేనొచ్చినప్పుడు వాళ్లు నిలబడే ఉన్నారు కాబట్టి, నా కోసం లేచేవాళ్లో కాదో తెలియదు. "కూర్చోండి, ఫర్వాలేదు, కూర్చోండి," అన్నాను. ఎవరూ కూర్చోలేదు. మళ్లీ అన్నాను. నా వైపు చూసి, నవ్వి, నిలబడే ఉన్నారు.

"కూర్చోండయ్యా, మీ హాలే ఇది," అన్నాడు మా ఆయన.

కూర్చున్నారు.

ఒళ్లంతా కంపరమెత్తింది. ఆయన మీదే కాదు, వాళ్ల మీద కూడా. వానలో పడి పరిగెత్తుకొచ్చి తలుపు తీసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, రాకెట్ ఆడుకుని వచ్చినవాడికి దణ్ణాలా! మా ఆయన వాళ్ల మధ్యకి వెళ్లి ఒకరి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ విషయం నా మనసులో ఎప్పట్నుంచో ఉంది. కమిటీలో పోరాడుతున్నాను," అన్నాడు. తర్వాత తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఒక ఫొటో తియ్యి ప్రసన్నా. హాలంతా పడాలి."

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. రామన్న ఒక్కడు ఇంకా నా పక్కనే ఉన్నాడు, ఫొటోలోకి వెళ్లాలో వద్దో తేల్చుకోలేక. అతనికి మాత్రమే వినిపించేలా అన్నాను.

"తలుపు తీసింది ఎవరు రామన్నా?"

అతను తల దించుకున్నాడు. "మీరేనని మాకు తెల్దా అమ్మా! ఓటేసింది కూడా మీకే. మీ మీద గౌరవం నేకేటి కాదు." గొంతు ఇంకా తగ్గించి, "గాని, రేపు మూసీగలిగినోలు సారే గదా," అన్నాడు.

చీటీ మీది నంబరుకి భయపడ్డ మా ఆయన్ని చూసి నవ్వాను కదా, ఇతన్ని చూసి నవ్వలేకపోయాను. ఫోన్ తీసుకెళ్లి మా ఆయన చేతిలో పెట్టేశాను. "నాకు రాదు, మీరే తీసుకోండి," అన్నాను. ఆయన నవ్వుతూ, అది జోకని అందరికీ అర్థమయ్యేలా తల ఊపి, వేరే కుర్రాడి చేతికి ఫోన్ ఇచ్చాడు. నేను రామన్న దగ్గరికి తిరిగి వచ్చాను.

"వచ్చే ఆదివారం రండి. ఆ పైవారం కూడా రండి. ఆయన మూసిన ప్రతిసారీ నేను తెరుస్తాను. ఇంట్లో ఏమయినా సరే, తెరుస్తాను."

"అలగేనమ్మా," అన్నాడు రామన్న. అంటూనే ఒక్కసారి మా ఆయన వైపు చూశాడు, ఆ మాట ఆయనకి వినపడిందేమోనని.